పరకాల దిక్కు పాత పశువుల కొట్టం: సిమెంటు లేకుండా బాగు చేసుడు ఎక్కడ మొదలుపెట్టాలె?

పత్తిచేను_పరకాల:
అందరికీ నమస్తే. బావి కాడ తాతల నాటి పశువుల కొట్టం ఉంది. పశువులు లేక చాన ఏండ్లయింది. దాన్ని వడ్లు, మక్కలు, విత్తనాలు, పనిముట్లు పెట్టుకునే అర్రగా వాడుకోవాలని ఆలోచన. కూలగొట్టి రేకుల షెడ్డు వేసుకొమ్మని అందరూ అంటున్నరు. దూలాలు టేకువి, గోడలు చాలా మటుకు నిలబడే ఉన్నయి, అందుకే అడుగుతున్న.

బయటి కొలత 30 ఫీట్లు, 16 ఫీట్లు. గోడ మందం మూరెడు, అంటే 18 ఇంచులు. చూరు కాడ ఎత్తు 8 ఫీట్లు, నడుమ ఎన్నుగర్ర కాడ 13. కింద ఫీటున్నర నల్లరాయి కట్టు, పైన మట్టిగోడ. చుట్టూ నల్లరేగడి. పడమటి మూల 6 ఫీట్ల పొడుగు, 5 ఫీట్ల ఎత్తున జారిపోయి కుప్పగా పడ్డది. ఉత్తరం గోడల చూరు నుంచి రాతికట్టు దాక వేలు దూరేంత పగులు. ఎప్పుడో లోపల, బయట 3 ఫీట్ల ఎత్తు సిమెంటు పూత వేయించిన్రు. అది ఇప్పుడు ఉబ్బింది, కొడితే బోలుగా మోగుతది. ఆ పూతకు పైన గోడ తెల్లగా పొడి పొడి రాలుతున్నది. గూనపెంకలు మూడో వంతు పోయినయి, కోతులు ఉంచుతలేవు. నాలుగు దూలాలల్ల రెండింటి కొనలు గోడలోపల మెత్తబడ్డయి. మూల మీద రావి మొక్క లేచింది.

ముందు ఏ పని పట్టుకోవాలె? పడ్డ మట్టినే మళ్లీ వాడొచ్చా? సున్నం ఎంత తెచ్చుకోవాలె? వానలు పడేలోపల అయితదా?

మట్టిపని_జనగామ:
తమ్మీ, గోడ బాగున్నట్టే. మట్టిగోడను కూలగొట్టేది వయసు కాదు, నీళ్లు. నువ్వు రాసినదాంట్లనే జాడ ఉన్నది. కప్పు పోయిన కాడ పైనుంచి, సిమెంటు పూత ఉన్న కాడ కిందినుంచి. కాబట్టి గోడ ముట్టకముందు కప్పు పోయిన భాగం మీద టార్పాలిన్ కట్టు. అది గోడకు అంటకుండ, గోడ బయటికి రెండున్నర ఫీట్లు దిగేటట్టు కట్టాలె. ఆ తర్వాత దూలాల కింద తాత్కాలిక పోట్లు, అంటే బరువు మోసే ఆనికట్టెలు పెట్టాలె. మెత్తబడ్డ రెండింటికి రెండు కొనల దగ్గర, గోడకు రెండు ఫీట్లు లోపలికి, కింద మందపు చెక్కపలక వేసి నిలబెట్టు. దూలం బరువు గోడ మీద ఉండంగ సిమెంటు పూత కొట్టొద్దు.

సిమెంటు పూత ఎందుకు ఉబ్బిందో, దాని పైన తెల్లపొడి ఎందుకు వచ్చిందో ముందు పట్టుకో. భూమి తేమ రాతికట్టు సందులల్ల నుంచి మట్టిగోడలకు ఎక్కుతది. మట్టి పూత ఉంటే ఆ తేమ అడుగున్నరలోపలనే గాలికి ఆరిపోతది. సిమెంటు ఆరనీయదు, అందుకే తేమ దాన్ని దాటి పైకి ఎక్కి, పూత అయిపోయిన కాడ బయటపడ్డది. పశువుల కొట్టం కాబట్టి గోడల అడుగున ఏండ్ల తరబడి ఉచ్చ ఇంకి ఉంటది. దాంట్ల సూరేకారం, ఉప్పు ఉంటయి. తేమతోటి అవి పైకి వచ్చి, ఆరినప్పుడు గోడ పైపొరలోనే గడ్డకట్టి పెరుగుతయి. అట్ల పెరిగినప్పుడల్లా మట్టిని పొడి చేసి రాలుస్తయి. నువ్వు చూసే తెల్లపొడి అదే. దాని మీద మళ్లీ ఏ పూత వేసినా రెండు వానకాలాలల్ల రాలుతది.

పూత తీసేటప్పుడు పైనుంచి కిందికి రావాలె. ఉలి, చిన్న సుత్తి చాలు, డ్రిల్లు మిషన్ వద్దు. మూడు ఫీట్ల ముక్క తీసి, పక్క మూడు ఫీట్లు వదిలి, అట్ల ఒకటి విడిచి ఒకటి. పూత వెనుక మట్టి కరిగి ఖాళీ ఏర్పడ్డ చోట్లు ఉంటయి. అంతా ఒక్కసారి ఊడదీస్తే సిమెంటు పెంకే మోస్తున్న గోడ కూసుంటది. ఊడిన చోట మెత్తటి మట్టిని గట్టి మట్టి తగిలేదాక గీకు. లోతు నాలుగు ఇంచులు దాటితే ఆ చోట పచ్చి ఇటుకలు పెట్టి నింపాలె, ఉత్త మట్టి ముద్ద పెడితే ఆరినంక కుంచించుకొని పాత గోడకు, దానికి నడుమ సందు పడ్తది.

ఉప్పు తీయనీకె ఒక్కటే మంచి పద్ధతి: ఎర్రమట్టి ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలిపి, గడ్డి, పెండ ఏమీ వేయకుండ ముప్పావు ఇంచు మందం పూత వేసి వదిలెయ్యి. మూడు నాలుగు వారాలల్ల పూత ఆరుతా ఉప్పును తనలోకి గుంజుకొని మీద తెల్లగ పూస్తది. దాన్ని గీకి దూరంగా పారేయ్. చేనుకు వేసుకోవచ్చు, మళ్లీ గోడకు మాత్రం వాడొద్దు. ఇట్ల రెండు సార్లన్నా చేయాలె. లోపలి నేల కూడా ఆరు ఇంచులు తవ్వి తీసేయ్, ఉచ్చ ఇంకిన మట్టి అంతా అక్కడ్నే ఉంటది. అది చేనుకు మంచి ఎరువు.

పడ్డ మట్టి వాడొచ్చు, వాడాలె కూడ. అది ఆ గోడకు కుదిరిన మట్టి. కుప్పల కింది భాగం, తెల్లగ ఉన్నది, సిమెంటు పెల్లలు తీసేసి మిగిలింది జల్లెడ పట్టు. నల్లమట్టి చెంచాడు కూడ కలపొద్దు, తడిస్తే ఉబ్బుతది, ఆరితే నెర్రెలు బాస్తది. తక్కువ పడితే చెలక మట్టి గానీ, పుట్టమన్ను గానీ తెచ్చుకో. సరిపోతదో లేదో చూడనీకె రెండు ఫీట్ల పొడుగు, ఇంచున్నర వెడల్పు, ఇంచున్నర లోతు చెక్క పెట్టె చేసి, పని చేసే పదునుతోటి మట్టి ఒత్తి నింపు. నీడల వారం ఆరబెట్టి, ముక్కను ఒక కొనకు జరిపి కొలువు. అర ఇంచు దాక తగ్గితే మంచిది. ఇంచు దాటితే ఇసుక కలిపి మళ్లీ చూడాలె.

పడ్డ మూల 6 ఫీట్లు, 5 ఫీట్లు, ఫీటున్నర మందం, అంటే 45 ఘనపు ఫీట్లు. దీన్ని పచ్చి ఇటుకతోటే కట్టు. కొత్త మట్టిగోడ పెడితే ఆరినంక కిందికి కూసుంటది, పాత గోడ కూసోదు, అతుకు కాడ పగులు ఖాయం. ఇటుక ముందే ఆరి కుంచించుకొని ఉంటది. 12, 6, 4 ఇంచుల ఇటుక అయితే పగిలేటివి కలుపుకొని 270, 280 చేయాలె. దానికి వదులు మట్టి 65 నుంచి 70 ఘనపు ఫీట్లు, వరిగడ్డి రెండు మూడు ఇంచుల ముక్కలు 25, 30 కిలోలు. మట్టి, గడ్డి కలిపి నీళ్లు పోసి నాలుగైదు రోజులు నానబెట్టి రోజుకొకసారి తొక్కాలె. గడ్డి మాగిన వాసన రావాలె, అప్పుడే మట్టి జిగటగ పడ్తది. ఇటుక రెండు రోజులు పరిచి ఉంచి, తర్వాత నిలువుగ నిలబెట్టి మొత్తం మూడు వారాలు ఆరబెట్టు. ఆరిన ఇటుకను నడుమెత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే మూల విరగొచ్చు, రెండు ముక్కలు కావొద్దు.

మూరెడు గోడ కాబట్టి ఒక వరసల బయట 6 ఇంచులది పొడుగుగా, లోపల 12 ఇంచులది అడ్డంగా. పై వరసల దానికి తిరగేసి. పాత గోడ తెగిన అంచును ఏటవాలుగ వదలొద్దు, ఫీటు ఫీటు మెట్లుగ చెక్కి, నీళ్లు చల్లి, ఆ మెట్ల మీద కొత్త వరసలు కూసోబెట్టాలె. దినానికి ఫీటున్నర ఎత్తు దాటొద్దు. రావి మొక్కను పీకితే వేరు గోడను ఊడగొడుతది. ఆ మూల ఎట్లాగూ విప్పుతున్నవు కాబట్టి వేరు కనబడ్డంత మేర గోడ విప్పి మొత్తం తీసేయ్, రాతికట్టు సందుల చిన్న ముక్క మిగిలినా మళ్లీ లేస్తది.

కర్రపని_హుజూరాబాద్:
కప్పు సంగతి నేను చెప్త.

దూలం మెత్తబడ్డదన్నవు గదా, ఎంత దాక పోయిందో మొదలు తెలుసుకోవాలె. పెద్ద స్క్రూడ్రైవర్‌తోటి గోడ అంచు నుంచి మూడు ఇంచులకొకసారి నాలుగు దిక్కులా పొడువు. గట్టి టేకుల మొన దిగదు. దిగిన కాడ సుద్దతోటి గుర్తు పెట్టు. సుత్తితోటి కొడితే గట్టిది ఖంగుమంటది, పోయినది మొద్దుగ మోగుతది. టేకు పైన రెండు ఇంచులు పోయినా లోపల చేవ గట్టిగ ఉంటది చాలాసార్లు. బయటి రంగు చూసి దూలం పారేయొద్దు.

పోయింది ఫీటు లోపలే ఉంటే దూలం కోసుడు వద్దు. గోడకు లోపలికి ఆనించి గట్టి కర్ర దాక పోయి ఒక గుంజ నిలబెట్టు. వేప గానీ, మద్ది గానీ, 6 ఇంచుల చదరం. గుంజ కింద ఫీటున్నర చదరం నల్లరాయి, నేల మట్టం కంటే మూడు ఇంచులు పైకి. కర్ర నేలలకు దిగితే చెదలు నేరుగ ఎక్కుతయి. దూలం బరువు గుంజ మీదికి వస్తది, గోడల ఉన్న కొన ఉన్నా పోయినా ఒక్కటే. రేపు కావాలంటే గుంజ తీసి వేరే విధంగా చేసుకోవచ్చు, పాత కర్ర చెడదు.

ఫీటు కంటే ఎక్కువ పోతే అతుకు వేయాలె. పోయిన భాగం కోసి, పాత టేకు ముక్కను ఏటవాలు అతుకుతోటి కలపాలె. దూలం ఎత్తు 9 ఇంచులైతే అతుకు పొడుగు 36 ఇంచులకు తక్కువ కావొద్దు. 12 ఎంఎం బోల్టులు నాలుగు, రెండు దిక్కులా పెద్ద వాషర్లతోటి. అతుకు వేసినా దాని కింద గుంజ ఉంటే నిశ్చింత. కొత్త టేకు వాడొద్దు, పచ్చిగ ఉండి ఆరినంక మెలి తిరుగుతది. పాత ఇండ్లు విప్పిన కలప కొనుక్కో, అరవై డెబ్భై ఏండ్లు ఆరిన కర్ర దొరుకుతది. మీ చేనుల టేకు చెట్టు ఉంటే కొట్టేముందు అనుమతి తీసుకోవాలె, 2002 వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల) చట్టం కింద సొంత భూమిల చెట్టుకు కూడ.

దూలం కొన గోడల కూసునే కాడ కింద పలక రాయి పెట్టి, మిగిలిన మూడు పక్కలా ఇంచు సందు వదలాలె. గాలి తగలాలె. మెత్తబడ్డ కొనలన్నీ గోడతోటి గట్టిగ కప్పేసి ఉన్నయే అయి ఉంటయి, విప్పినప్పుడు చూడు.

చెదల మందు కోసం పది లీటర్ల వేడి నీళ్లల్ల 600 గ్రాముల బోరాక్స్, 400 గ్రాముల బోరిక్ పొడి కలిపి, మట్టి గీకిన ఆరిన కర్రకు మూడు సార్లు పూయాలె. ఒకసారి పూసింది కర్ర పీల్చుకున్నంక ఇంకొకటి. కోసిన కొనలకు, రంధ్రాలకు ఎక్కువ పట్టించాలె. వానకు తడిస్తే ఇది కొట్టుకుపోతది, కాబట్టి చూరు బయట ఉన్న వాసాల కొనలకు దీన్ని నమ్ముకోవద్దు. ఆ కొనలకు వేపనూనె పట్టించి, పెంక అంచు వాసం కంటే నాలుగు ఇంచులు బయటికి ఉండేటట్టు చూసుకో.

పత్తిచేను_పరకాల:
అన్నా, చాలా మంచిగ చెప్పిన్రు. స్క్రూడ్రైవర్‌తోటి పొడిచి చూసిన. ఒకటి 8 ఇంచుల దాక, ఇంకొకటి 20 ఇంచుల దాక దిగుతున్నది. ఇంకో సంగతి, ఉత్తరం పగులు ఎండకాలంల పెద్దగయితది, వానకాలంల దగ్గరికి వస్తది. దాన్ని నింపేసుడేనా? అట్లనే బయట కింది మూడు ఫీట్లు సిమెంటు బదులు సున్నం పూత వేస్తే వానకు ఆగుతదా?

కర్రపని_హుజూరాబాద్:
8 ఇంచులదానికి గుంజ చాలు. 20 ఇంచులదానికి అతుకు, కింద గుంజ.

నిర్మాణం_హన్మకొండ:
పగులు ఎండాకాలంలో తెరుచుకుని వానాకాలంలో మూసుకుంటోందంటే గోడ తప్పు కాదు, కింద నల్లరేగడి కదులుతోంది. ఈ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. గోడ అంచున ఉన్న నేల తొందరగా ఆరుతుంది, కొట్టం నడుమ ఉన్నది ఆరదు, అందుకే గోడ అంచు కిందికి వాలుతుంది. పగులును గట్టి సున్నంతోనో, సిమెంటుతోనో నింపితే వానాకాలంలో అది మూసుకోలేక పక్కన కొత్త పగులు పుట్టిస్తుంది.

పగులుకు అటూ ఇటూ రెండు మేకులు కొట్టి, వాటి మధ్య దూరం నెలకొకసారి కొలిచి గోడ మీదే తేదీ వేసి రాయండి. పై చివర ఒకటి, కింద ఒకటి. పైన ఎక్కువగా తెరుచుకుంటే గోడ మూల కిందికి దిగుతోందని అర్థం. ఒక పూర్తి ఏడాది కొలిస్తేనే కదలిక ఎంతో తెలుస్తుంది. అప్పటిదాకా చూరు దగ్గర పైభాగం మాత్రం మెత్తటి మట్టి, గడ్డి ముద్దతో మూసి నీళ్లు దిగకుండా చూడండి. కదలిక రెండు మూడు ఎంఎంకు తగ్గిందని తేలాక, రెండు ఫీట్ల ఎత్తుకొకటి చొప్పున పగులుకు అడ్డంగా 4 ఇంచుల ఎత్తు, 6 ఇంచుల లోతు గాడి తీసి, పచ్చి ఇటుకలు రెండు పక్కలకూ పట్టేలా పెట్టి కుట్టు వేయాలి. మిగతా పగులును తడిపి మట్టితో నింపాలి.

కదలికను తగ్గించే అసలు పని గోడ బయట ఉంది. నేల తడి ఏడాది పొడవునా ఒకేలా ఉండాలి. గోడ చుట్టూ నాలుగు ఫీట్ల వెడల్పున తొమ్మిది ఇంచుల నల్లమట్టి తీసేసి, మొరం నాలుగు ఇంచుల పొరలుగా తడిపి దిమ్మిసతో కొట్టి నింపండి. గోడ నుంచి బయటికి నాలుగు ఫీట్లలో రెండు ఇంచుల వాలు. చివర చిన్న కాలువ, అది బావి వైపు కాకుండా చేను వైపు పోవాలి. నేల మట్టం రాతికట్టు పైఅంచుకు కనీసం ఫీటు కింద ఉండాలి. ఏండ్ల తరబడి పెండ, మట్టి చేరి చుట్టూ నేల ఎత్తు పెరిగి ఉంటుంది, ముందు దాన్ని దించండి. గోడను ఆనించి కాంక్రీటు గచ్చు వేయొద్దు, కింద తేమ మొత్తం గోడలోకే ఎక్కుతుంది. పునాది కంటే లోతుగా గోడ పక్కన ఎక్కడా తవ్వొద్దు. బోరు మోటారు కారే నీళ్లు, చేతులు కడిగే చోటు, గోడ దగ్గర చెట్టు, వీటి సంగతి కూడా చూసుకోండి. కాకతీయులు రామప్ప గుడి పునాది కింద ఇసుక నింపడం వెనుక ఆలోచన ఇదే, నేల కదలిక నేరుగా కట్టడానికి తగలకూడదని. మన కొట్టం పునాది మార్చలేము కాబట్టి చుట్టూ నేలనైనా సర్దాలి.

మూల తిరిగి కట్టేటప్పుడు ఒక్క పని మాత్రం మరిచిపోవద్దు. రెండు ఫీట్ల ఎత్తుకొకసారి మూల మీద కట్టె కట్టు వేయండి: రెండు ఇంచుల చదరం వేప లేదా టేకు బద్దలు, ఒక్కో గోడలోకి మూడు ఫీట్ల పొడవు, మూలలో సగం సగం కోసి ఒకదానిలో ఒకటి కూర్చేలా. మట్టిగోడలు మూల దగ్గర విడిపోతేనే పడతాయి. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రత భూకంపం వరంగల్ అంతా తెలిసింది, కాబట్టి ఇది అనవసరం అనుకోవద్దు.

సున్నంపని_కాజీపేట:
సున్నం లెక్క నేను చెప్తాను. రాతికట్టు చుట్టూ 92 ఫీట్లు, ఎత్తు ఫీటున్నర, అంటే 138 చదరపు ఫీట్లు. సందులను రెండు ఇంచుల లోతు గీకి పాయింటింగ్ చేస్తే, అంటే వాటిని మళ్లీ నింపితే, నాలుగున్నర, ఐదు ఘనపు ఫీట్ల సున్నం మాలు (సున్నం, ఇసుక కలిపిన అడుసు) పడుతుంది. కింది మూడు ఫీట్లు బయట సున్నం పూత వేస్తే 276 చదరపు ఫీట్లు, అర ఇంచు మందానికి రాలేదానితో కలిపి 14 ఘనపు ఫీట్లు. లోపల, బయట ఐదు పూతల వెల్లకు 80 లీటర్ల దాకా సున్నం ముద్ద, అంటే నీళ్లలో ఉడికించి మాగబెట్టిన సున్నం. మాలులో కలిపేది కూడా చేర్చి మొత్తం ముద్ద 260 లీటర్లు వేసుకోండి. మంచి రాతి సున్నం కిలోకు రెండు లీటర్ల ముద్ద ఇస్తుంది కాబట్టి 130, 140 కిలోలు తెచ్చుకోవాలి. తెచ్చిన రోజే నీళ్లలో వేయండి. గోనె సంచిలో ఉంచితే గాలి తగిలి పొడి అవుతుంది, ఆ పొడిలో పట్టు ఉండదు.

ఇనుప డ్రమ్ములో సగం నీళ్లు పోసి, సున్నం రాయిని కొంచెం కొంచెంగా నీళ్లలో వేయాలి. రాయి మీద నీళ్లు పోయకూడదు, చిమ్ముతుంది. కుతకుత ఉడుకుతుంది, ప్లాస్టిక్ డ్రమ్ము తట్టుకోదు. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు లేకుండా ఎవరూ దగ్గరికి పోవద్దు, పక్కన బకెట్ మంచినీళ్లు ఉంచండి, పిల్లలను రానీయొద్దు. కంట్లో పడితే ఆపకుండా నీళ్లతో కడుగుతూనే దవాఖానకు పోవాలి. ఉడుకు ఆగాక సన్న జల్లెడలో వడకట్టి, ఉడకని గడ్డలు పారేసి, పైన నాలుగు ఇంచుల నీళ్లు నిలిచేలా మూత పెట్టి కనీసం నెల మాగనీయండి. గడ్డ ఒక్కటి పూతలో ఉండిపోయినా నెలల తర్వాత ఉబ్బి చిన్న గుంట చేసి ఊడుతుంది.

పాయింటింగ్‌కు ముద్ద ఒక పాలు, ఇటుక పొడి ఒక పాలు, కడిగిన ఇసుక రెండు పాళ్లు. ఇటుక పొడి మెత్తగా, ఎర్రగా కాలిన ఇటుకది కావాలి. నల్లగా మాడిన ఇటుక పొడి సున్నంతో కలవదు, పచ్చిగా ఉన్నది మట్టే. ఇది తడి చోట కూడా గట్టిపడుతుంది. పూతకు ముద్ద ఒకటి, ఇసుక మూడు. బెల్లం, కరక్కాయ కావాలని ఎవరైనా అంటే అవి మిద్దె గచ్చుకు, ఇక్కడ అవసరం లేదు. రోహిణి కార్తె ఎండల్లో సున్నం పూయొద్దు. సున్నం తడిగా ఉంటూ గాలి పీల్చుకుంటేనే గట్టిపడుతుంది, ఎండకు ఆరిపోతే పొడిగా రాలుతుంది. తడి గోనె పట్టాలు కప్పి వారం రోజులు రోజుకు మూడు సార్లు నీళ్లు చల్లాలి.

మట్టిపని_జనగామ:
కాజీపేట అన్న పాయింటింగ్ గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంట. మట్టిగోడ మీద సున్నం పూత మాత్రం వద్దంట. సున్నం మాలు ఆరితే మట్టి కంటే గట్టిగ, కదలకుండ ఉంటది. మట్టి తేమకు కొంచెం పెరిగి తగ్గుతది. రెండు కదిలే తీరు వేరు, అందుకే ఒక రోజు పూత పలక పలకగ ఊడి వస్తది. ఉప్పు ఉన్న గోడ మీద ఇంకా తొందరగ. సున్నం పూత వానకు ఆగుతది నిజమే, దాని వెనుక గోడ ఆగదు. పొయ్యేది పూత పోవాలె, గోడ పోవద్దు.

కింది మూడు ఫీట్లకు మట్టి పూతే వేసి, వానలు పోయినంక ఏటా చినుకు కొట్టిన కాడ అతుకు వేసుకోవాలె. మొదటి పొర జల్లెడ పట్టిన మట్టి ఒకటి, ఇసుక ఒకటిన్నర, ఇంచు ముక్కల గడ్డి, అర ఇంచు మందం. దాన్ని నున్నగ చేయొద్దు, చేతి వేళ్లతోటి గీతలు పెట్టు. ఆరి నెర్రె పడ్డ కాడ నీళ్లు చల్లి, రెండో పొర పావు ఇంచు: మట్టి ఒకటి, సన్న ఇసుక రెండు, తాజా పెండ అర పాలు, వడ్ల పొట్టు పిడికెళ్లు. ఆరీ ఆరకుండ ఉన్నప్పుడు నున్నటి రాయితోటి రుద్దాలె, అప్పుడు నెర్రె మూసుకుంటది, చినుకు జారుతది.

సున్నంపని_కాజీపేట:
ఉప్పు ఉన్న గోడ అన్నప్పుడు మీ మాటే నిలుస్తుంది. ఉప్పు లేని గోడకు, మట్టి పూతను బాగా గరుకు చేసి పావు ఇంచు సున్నం పొర వేస్తే పట్టుకుంటుంది, ఇక్కడ అది కుదరదు. అయితే మట్టి పూత మీద వెల్ల తప్పకుండా వేయండి. ముద్ద ఒకటికి నీళ్లు రెండు మూడు పాళ్లు, పాల చిక్కదనంలో, గుడ్డతో వడకట్టి. గోడను తడిపి, రోజుకొక పూత చొప్పున ఐదు. పూసేటప్పుడు గోడ తడిసినట్టే కనిపించాలి, తెల్లగా కనబడితే చిక్కగా ఉన్నట్టు, అది పొరలుగా లేస్తుంది. ఆరినంక తెలుపు దానంతట అదే వస్తుంది. కింది భాగానికి జాజు పూయాలనుకుంటే వెల్లలోనే కలిపి పూయండి. సున్నం పూత మానేస్తున్నారు కాబట్టి రాతి సున్నం 65, 70 కిలోలు చాలు.

పత్తిచేను_పరకాల:
అర్థమయింది. సున్నం పూత వద్దు, వెల్ల వేస్త. ఇక కోతులు. గూనపెంకలు మళ్లీ కప్పితే నెల కూడ ఉండయి. మంగళూరు పెంకలకు పోవాల్నా? వడ్లు పెట్టే అర్రలకు నేల ఎట్ల వేయాలె?

కర్రపని_హుజూరాబాద్:
కోతుల ఊరైతే మొత్తం గూనపెంకలతోటి నెగ్గలేం. గూనపెంక బరువుతోటే కూసుంటది, దేనికీ కట్టి ఉండదు, కోతి ఉరికితే జారుతది. ఒక పెంక జారితే దాని కింద వాసం మీద నీళ్లు పడ్తయి, ఎవరూ చూడకపోతే రెండేండ్లకు వాసం పోతది. పెంకల కింద మట్టి పరిచి ఉంటే ఇంకా చెడ్డది, తడిసిన మట్టి కర్రకు అంటుకొనే ఉంటది.

నా మాట: మంగళూరు పెంకలు వెయ్యి. చదరపు మీటరుకు 15, 16 పడ్తయి. నీ కప్పు రెండు వాలులు, చూరు బయటికి రెండున్నర ఫీట్లు వేస్కుంటే ఒక్కో వాలు 12 ఫీట్ల కంటే కొంచెం ఎక్కువ వస్తది. పొడుగు రెండు కొనలకు ఫీటు చొప్పున కలిపి 32. రెండు వాలులు కలిపి 790 చదరపు ఫీట్ల దాక, అంటే 73, 74 చదరపు మీటర్లు. పగిలేటివి కలిపి 1250 పెంకలు తెచ్చుకో. రీపర్ల (పెంకలు తగిలించే అడ్డబద్దల) దూరం పుస్తకం లెక్క పట్టుకోవద్దు, తెచ్చిన పెంకలు పది వరసగ నేల మీద తగిలించి, లాగి ఒకసారి, దగ్గరికి జరిపి ఒకసారి కొలిచి, నడుమ లెక్క తీసుకో. బట్టీ బట్టీకి అర ఇంచు తేడా వస్తది. చూరు వెంట మూడు వరసలు, కొనల వెంట రెండు వరసలు, ప్రతి పెంక వెనుక చెవికి జీఐ తీగ వేసి రీపర్‌కు కట్టు. లోపలి భాగంల వరస విడిచి వరస కడితే చాలు. ఎన్నుపెంకలు సున్నం, ఇటుక పొడి మాలుతోటి కూసోబెట్టు, వాటిని ఎత్తితేనే కోతికి దారి దొరుకుతది. కప్పుకు పది ఫీట్లలోపల కొమ్మ ఉండొద్దు.

మిగిలిన మంచి గూనపెంకలు పారేయకు. బయట వసారా దించుకుంటే దానికి సరిపోతయి, పగిలినా అక్కడ నీళ్లు పడితే నష్టం లేదు.

మట్టిపని_జనగామ:
నేల: ఆరు ఇంచులు తవ్వినవు గదా, దాంట్ల నాలుగు ఇంచుల మొరం దిమ్మిస కొట్టి, మీద రెండు ఇంచుల ఇసుక, దాని మీద బండలు. సందులు ఇటుక పొడి సున్నంతోటి మూయాలె. నేల చుట్టూ పక్కల పొలం కంటే ఆరు ఇంచులన్నా ఎత్తు రావాలె, అవసరమైతే మొరం ఇంకా పెంచు. గోడకు, బండలకు నడుమ మూడు ఇంచులు వదిలి చిన్న రాళ్లు నింపు, గోడ అడుగు ఆరడానికి చోటుంటది. వడ్లు నేరుగ నేల మీద, గోడకు ఆనించి పోయొద్దు. గుమ్మి అయినా, సంచులైనా ఫీటు ఎత్తు కట్టె మంచె మీద, గోడకు రెండు ఫీట్ల ఎడంగ. ఆ ఎడమే ఎలుక బొక్క, చెదల తొవ్వ కనబడనీకె పనికొస్తది. రాతికట్టు మీద పెన్సిలంత మట్టి గీత ఎక్కినట్టు కనబడితే అది చెదల దారి, గీకి, అది వచ్చిన సందు మూయాలె.

ఇక టైం సంగతి. సంక్రాంతి దాటింది కాబట్టి ఈ వారమే టార్పాలిన్, పోట్లు, చుట్టూ నేల దించుడు. ఫిబ్రవరిలోపల సిమెంటు పూత ఊడదీసి, ఇటుకలు కోసి ఆరబెట్టు, సున్నం కూడ అప్పుడే నానెయ్యి. మార్చిల మూల కట్టాలె, ఉప్పు గుంజే మొదటి పూత వేయాలె. గోడ ఆరిందా లేదా తెల్వాలంటే ఫీటు చదరం ప్లాస్టిక్ కాగితం నాలుగు అంచులా టేపుతోటి గోడకు అతికించి రాత్రంతా ఉంచు, తెల్లారి లోపల చెమట కనబడితే ఇంకా ఆరలేదు. ఏప్రిల్‌ల దూలాలు, వాసాలు. మే నెలాఖరుకు పెంకలు పడాలె, మృగశిర వచ్చేసరికి పైన చిల్లు ఉండొద్దు. కింది మూడు ఫీట్లకు ఆ రెండో ఉప్పు పూతే ఈ వానకాలం వేషం, దాని మీద మంచి పూత ఇప్పుడే వేయకు. పై భాగానికి మట్టి పూత మేలనే వేసుకో. దసరా పోయినంక కింది పూత గీకి చూడు, తెలుపు తగ్గితే అసలు పూత, దాని మీద కార్తీకంల వెల్ల. తెలుపు ఇంకా మందంగా పూస్తుంటే ఇంకొకసారి గుంజే పూత వేసి వచ్చే ఎండకాలం దాక ఆగు.